హుస్నాబాద్ బస్సులో టెస్లా కాయిల్

తొంభైల మొదట్లో, సంచిలో రాగితీగ చుట్ట పెట్టుకుని బస్సెక్కడానికి ఎంత తెలివితక్కువతనం కావాలో అంతా నా దగ్గర ఉండేది. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ బొంబాయి నుంచి పోస్టులో ఒక కిట్టు తెప్పించుకున్నాను. ఒక ట్రాన్సిస్టరు, అది వేడెక్కకుండా అల్యూమినియం రేకు, చిన్న బోర్డు, వెంట్రుకంత సన్నని తీగ. ఆ తీగను ప్లాస్టిక్ పైపు మీద వందల చుట్లు చుట్టి, అడుగున లావు తీగ కొన్ని చుట్లు వేస్తే అదే టెస్లా కాయిల్. పన్నెండు వోల్టులిస్తే దగ్గర్లో పట్టుకున్న ట్యూబ్‌లైటు ఏ తీగా తగిలించకుండానే వెలగాలి.

వెలగలేదు. సెలవులన్నీ ఊళ్లో దాని ముందే కూర్చున్నాను. సోల్డరింగ్ విప్పి మళ్లీ వేశాను. తీగ చుట్టడంలో తప్పుంటుందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు, నా చేతిపని మీద నాకంత నమ్మకం. మా అవ్వ పొయ్యి దగ్గర నుంచే "ఎల్గిందా బిడ్డా?" అని అడిగేది. నాకు ఒళ్లు మండేది. చివరికి కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే ఆయనకు చూపిద్దామని బయల్దేరాను. కంటి డాక్టరుకు చూపించుకుంటానని అవ్వా నాతో వచ్చింది.

హుస్నాబాద్ దాటాక పోలీసులు బస్సు ఆపారు. నక్సలైట్ల కోసం వెతికే ఆ రోజుల్లో అది మామూలే. సంచులు విప్పి చూపిస్తే పొమ్మనేవాళ్లు. ఆ రోజు కానిస్టేబులు నా సంచిలో చెయ్యి పెట్టి, తీగ చుట్టిన పైపు తగలగానే వెనక్కి లాక్కున్నాడు. బాంబన్న భయంతో చూస్తుండగానే బస్సు ఖాళీ అయింది. అంతసేపూ నాతో పల్లీలు పంచుకుని తిన్నాయన కూడా నా మొహం చూడకుండా దిగిపోయాడు.

ఎస్సై నన్ను జీపు దగ్గర నిలబెట్టాడు. "ఏంది రా ఇది?"

"టెస్లా కాయిల్ సార్. తీగ లేకుండ లైటు ఎల్గుతది."

నా వయసు వాళ్లను ఏదో అడగాలని తీసుకుపోతే, మళ్లీ ఎప్పుడు వస్తారో ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. అందుకే అవ్వ మధ్యలోకి వచ్చింది.

"అది ఏం చెయ్యది సారూ. సెలవులు సురువైన కాడి నుంచి చూస్తున్న. ఒక్కనాడు గూడ ఎల్గలే."

"పని చెయ్యనిదాన్ని గింత దూరం ఎందుకు మోస్తున్నరు?" అన్నాడు ఎస్సై. అతను నా వైపు తిరిగాడు. "ఎల్గుతదంటివి గద. ఎల్గియ్యి."

జీపు బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగారు. మబ్బు పట్టి ఉంది. జీపు టాపు కింద కాయిల్ నిలబెట్టి, ఎమర్జెన్సీ లైటులోంచి తీసి సంచిలో వేసుకున్న జానెడు ట్యూబు దగ్గర పట్టుకున్నాను. వెలగలేదు. కానిస్టేబుళ్లు అప్పటికే దూరం జరిగారు. ఎస్సై మాత్రం కదల్లేదు.

రోడ్డు మీద సోల్డరింగ్ చేసే వీల్లేదు. నేను విప్పగలిగినవి లావు తీగ కొసలను పట్టి ఉంచిన రెండు స్క్రూలే. ఇంకేమీ తోచక, జీపు డ్రైవరిచ్చిన స్క్రూడ్రైవరుతో ఆ రెండు కొసలనూ తారుమారు చేసి బిగించాను.

ట్యూబు నా చేతిలో వెలిగింది. వెనక్కి జరిపితే ఆరింది, దగ్గరికి తెస్తే మళ్లీ వెలిగింది. లావు తీగను మొదటి నుంచీ తిరగేసి బిగించానన్నమాట. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"షాక్ కొడ్తదా?" అని అడిగి మరీ ఎస్సై ట్యూబు అందుకున్నాడు. అతని చేతిలోనూ వెలిగింది. "జర నాకియ్యుండ్రి సార్," అంటూ కానిస్టేబుళ్లు దగ్గరికి వచ్చారు. కాసేపట్లో కండక్టరు కూడా వాళ్ల వెనక నిలబడ్డాడు. అందరి చేతుల్లోనూ వెలిగాక, ఇలాంటివి పట్టుకుని తిరగొద్దని చెప్పి ఎస్సై మమ్మల్ని పంపించాడు.

బస్సు కదిలాక నాలో నేనే నవ్వుకుంటున్నాను. అవ్వ నవ్వలేదు.

"నా మాట నమ్మి ఇడుస్తరనుకున్న కొడుకా. గా మాటకే నిన్ను తీస్కపోతుండిరి."

"నువ్వు ఉన్నదే చెప్పినవ్ గదనే అవ్వా."

"ఇగ జెప్ప," అంది అవ్వ. "ఇగ మీద నువ్వేం జేసినా ఎల్గుతదనే చెప్త."

అన్నంత పనీ చేసింది. ఆ తర్వాత నేను ఏ పరీక్ష రాసినా, ఫలితం రాకముందే, వాడు పాసైండని ఊరందరికీ చెప్పేది.