ముగియని అంచు

ఈ రోజు మోత్కూరు నుంచి ఒకామె మా మగ్గం దగ్గరికి వచ్చి, బిడ్డ పెళ్ళికి చీర నేయమంది. అంచు ఎర్రపోగుతో మొదలై ఎర్రపోగుతోనే ముగియాలట. ప్రతి ఎర్రపోగు తర్వాతా తెల్లపోగు రావాలట.

కాలేజీలో తర్కశాస్త్రం చదివిన నేను కాగితం మీద గీతలు గీసి, ఆఖరి ఎర్రపోగు తర్వాతా తెల్లపోగు రావాలి కాబట్టి ఆ అంచు ఎన్నటికీ ముగియదనీ, అలాంటి చీర మూడు లోకాల్లోనూ సాధ్యం కాదనీ గంభీరంగా ప్రకటించాను. పది రోజులుగా మగ్గం ఖాళీ. ఈ బేరమూ పోతుందని మా బాపు మొహం వాడిపోయింది.

నూలు కండెలు చుడుతున్న మా అవ్వ తలెత్తి ఆమెను అడిగింది: “చీర నడుమంత ఏ రంగు బిడ్డా?”

“తెలుపే అవ్వా.”

“మరి ఆఖరి ఎర్రపోగు పక్కకు గా తెలుపే వస్తది గద! ఓ పంతులూ, జర కాగితం పక్కకు పెట్టు. మీ బాపు మగ్గానికి పడుగు పెట్టాలె.”

నా రుజువులో తప్పేమీ లేదు, అది అంచు దాటి చూడలేదంతే. మీరైనా ఒప్పుకుంటారా? అవ్వ ఒప్పుకోలేదు.