చిటికెడు ఎరువు, పన్నెండు బిందెల సముద్రం

పోయిన నెల గుంటూరులో ఒక మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళ అల్లుడు హాల్లో పెద్ద గాజు తొట్టి పెట్టి పగడాలు పెంచుతున్నాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను ఆ తొట్టి నీళ్ళు వేలెడంత గాజు గొట్టంలోకి తీసి, ఏవో చుక్కలు వేసి ఊపుతున్నాడు. చూస్తుండగానే నీళ్ళు లేత నీలంగా మారాయి. "ఫాస్ఫేట్ కొంచెం ఎక్కువైందంకుల్, నీళ్ళు మార్చాలి" అన్నాడు. ఆ మాట నాకు సగమే వినిపించింది. నేను ఆ నీలాన్నే చూస్తూ ఉండిపోయాను. తొట్టిలోంచి వచ్చే ఉప్పూ నాచూ కలిసిన వాసనకి నలభై ఏళ్ళ నాటి వరండా ఒకటి కళ్ళముందుకు వచ్చింది. భోజనానికి రమ్మని మిత్రుడు రెండుసార్లు పిలిచాడట, నేను వినలేదు.

ఆ వరండా మేరీ సుగుణ గారిది. ఆమె జంతుశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరై, చిలకలూరిపేటలో ఒక్కరే ఉండేవారు. ఎనభైల నడిమి సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. అద్దంకి దగ్గర పల్లెలో పత్తీ మిరపా వేసే రైతు కొడుకుని, భూసార పరీక్షా కేంద్రంలో కొత్తగా ఉద్యోగం వచ్చి, ఆమె ఇంటి పక్కగదిలో అద్దెకు దిగాను. నా పనేమిటంటే, రైతులు గుడ్డసంచుల్లో తెచ్చిన మట్టిని పరీక్షించి, నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని కార్డు మీద రాసివ్వడం. కార్డులో మూడే గడులు: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. తక్కువ అని తేలితే పక్కన ఎరువు ఎన్ని కిలోలు వెయ్యాలో రాసేవాణ్ణి. తక్కువ అంటే మా లెక్కలో జబ్బు, ఎరువు దానికి మందు. ఎక్కువ ఉంటే ఏం చెయ్యాలని ఏ రైతూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా నాన్నయితే కార్డు కూడా చూసేవాడు కాదు, పక్కచేను వాడు ఒక బస్తా వేస్తే ఈయన ఒకటిన్నర వేసేవాడు.

సుగుణ గారి వరండాలో, పొద్దుటెండ పడేచోట, పన్నెండు బిందెల నీళ్ళు పట్టే గాజు తొట్టి ఉండేది. ఆమె ఉద్యోగంలో ఉండగా కాలేజీ పిల్లల్ని మండపం అనే సముద్రతీరపు ఊరికి తీసుకెళ్ళి, వస్తూ వస్తూ అక్కడి సముద్రంలోంచి బతికున్న పగడపు రాళ్ళు రెండు క్యానులో పెట్టుకుని రైల్లో తెచ్చారట. దారి పొడుగునా వంతులవారీగా పిల్లల చేత నీళ్ళు చిలికిస్తూ తెచ్చానని చెప్పేవారు. పగడమంటే అంతవరకు నాకు ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి. ఇక్కడ చూస్తే, అరచెయ్యంత గోధుమరంగు బండ, దాని నిండా చిన్నచిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ప్రాణి. రెండో రాయి మీద చొక్కా బొత్తాలంత పువ్వులు పొద్దున్నే విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకునేవి. అవీ జంతువులేనట. కరెంటు పోయి గాలి పంపు ఆగిపోతే, ఆమె స్టూలు మీద కూర్చుని చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండేవారు. ఆ రోజుల్లో పేటలో కరెంటు సంగతి తెలిసిందే. నేను ఆఫీసు నుంచి రాగానే ఆ చెంబు నా చేతికి వచ్చేది.

"ఏం తింటాయండీ ఇవి?" అని ఒకరోజు అడిగాను.

"దీని ఒంట్లో కంటికి కనపడని నాచు అద్దెకుంటుందయ్యా శేషూ. ఎండ తగిలితే ఆ నాచు వంట చేస్తుంది, ఇంటాయన తింటాడు. పదిహేను రోజులకోసారి నేను రెండు చుక్కలు రొయ్యల రసం పోస్తాను, పండక్కి పెట్టినట్టు. అంతే."

"అంతేనా?"

"అంతకంటే పెడితే అద్దెకున్నవాడు బలిసి ఇంటాయన్ని తినేస్తాడు. నువ్వు కాదులే, కంగారు పడకు" అని నవ్వేవారు.

నీళ్ళు ఆవిరైపోతే బావినీళ్ళు పోయనిచ్చేవారు కారు. చుట్టూ పత్తి చేలు, బావుల్లోకి ఎరువు దిగుతుందని ఆమె అనుమానం. నేను మా ఆఫీసు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చిపెట్టేవాణ్ణి. అప్పుడప్పుడు తొట్టి నీళ్ళు సీసాలో తీసుకెళ్ళి భాస్వరం పరీక్ష కూడా చేసేవాణ్ణి. రెండు మందులు కలిపితే భాస్వరం ఎంత ఉంటే అంత నీలం వస్తుంది. ఆమె తొట్టి నీళ్ళలో నీలం ఉందా లేదా అన్నట్టు వచ్చేది. ఆ సంగతి చెబితే సుగుణ గారి ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగెందుకో నేను పట్టించుకోలేదు, అదే నా కొంప ముంచింది.

ఆ ఏడాది ఎండాకాలం ముందు ఆమెకు కంటి ఆపరేషన్ అన్నారు. రెండు కళ్ళకీ శుక్లాలే, ముందు ఒకటి తీస్తారు. ఆమె ధైర్యస్థురాలని నేననుకునేవాణ్ణి. బయల్దేరే రోజు పొద్దున తొట్టి ముందు నిలబడి, నా వైపు చూడకుండా, "మా అమ్మకి ఈ ఆపరేషనే అయిందయ్యా. కట్టు విప్పాక చీకటే మిగిలింది. పన్నెండేళ్ళు అలాగే బతికింది" అన్నారు. "మీకేం కాదండీ" అన్నాను. "కాకపోతే మంచిదే. పది రోజులు వీటికి ఏమీ పెట్టొద్దు. నీళ్ళు చూసుకో, కరెంటు పోతే చెంబు చూసుకో" అని గుంటూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళారు.

రెండో రోజుకే పగడం నాకు పాలిపోయినట్టు కనిపించింది. నిజంగా పాలిపోయిందో, నా భయమే అలా చూపించిందో ఇప్పటికీ తెలియదు. నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేశాను. ఎప్పటిలాగే నీలం అంతంత మాత్రం. చేతిలో కలం ఉంటే 'తక్కువ' గడిలో టిక్కు పెట్టేసేవాణ్ణే. పస్తులుంచి వెళ్ళారు పాపం, ఆమెకు ఒంట్లో బాగాలేక తోచలేదు అనుకున్నాను. ఆఫీసులో నమూనా కోసం ఉంచిన డి.ఏ.పి. అనే భాస్వరం ఎరువు గింజలు కొన్ని కాగితంలో పొట్లం కట్టుకొచ్చి, నలిపి, చిటికెడు తొట్టిలో వేశాను. రెండు రోజులు చూశాను, తేడా లేదు. ఇంకో చిటికెడు. మళ్ళీ ఇంకోటి. మా నాన్న కొడుకునే కదా!

వారం తిరిగేసరికి గాజు పచ్చబడింది. బొత్తాం పువ్వులు మధ్యాహ్నం కూడా ముడుచుకునే ఉన్నాయి. పగడం మీద జుట్టులాంటి పచ్చటి నాచు మొలిచి, ఒక అంచున తెల్లటి ఎముక బయటపడింది. నీళ్ళు పరీక్ష చేస్తే గొట్టంలో సిరా పోసినంత నీలం వచ్చింది. అప్పుడు తెలిసింది ఆమె ముఖం ఎందుకు వెలిగేదో. తక్కువ అన్నది ఆ ప్రాణులకు జబ్బు కాదు, అదే వాటి ఆరోగ్యం.

మర్నాడే సుగుణ గారు వచ్చారు. ఒక కంటికి కట్టు, రెండో కంటికి వెలుగు తప్ప ఏమీ ఆనదు. మంచం వరండాలోనే వేయించుకున్నారు. ఇంకా నీళ్ళయినా తాగకుండా, "ఎలా ఉన్నాయయ్యా?" అని అడిగారు.

"బాగున్నాయండీ. విచ్చుకున్నాయి" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అప్పుడే కన్ను కోయించుకుని వచ్చిన మనిషికి చెడ్డమాట ఎందుకు చెప్పాలని సర్దిచెప్పుకున్నాను కానీ, అసలు సంగతి నా పిరికితనమే. ఆమె మనసు కుదుటపడింది. "అయితే రేపు రొయ్యల రసం పొయ్యి. పది రోజుల నుంచి పస్తులున్నాయి" అన్నారు. పొయ్యనంటే ఎందుకని అడుగుతారు. పోశాను. అసలే నాచు పట్టి మూలుగుతున్న వాటి మీద అది గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆ మర్నాటికి తెల్లటి మేర రెండు వేళ్ళకు పెరిగింది. "రసం తాగాయా? సాయంత్రం ఇంకో రెండు చుక్కలు పొయ్యి" అన్నారు మంచం మీద నుంచి. అబద్ధం ఆడుతున్నంతసేపూ ఆమె చెప్పే ప్రతి మంచిమాటా వాటిని చంపుతుందని అప్పుడు బోధపడింది.

మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఎరువు సంగతి, నాచు సంగతి, మొన్నటి అబద్ధం సంగతి.

"ఎరువు వేసినందుకు నాకు కోపం లేదయ్యా" అన్నారామె. గొంతు మాత్రం కోపంగానే ఉంది. "తెలియక వేశావు. కానీ మొన్న నేనడిగితే బాగున్నాయన్నావే! నాకు కళ్ళు లేవని నీ కళ్ళతో చూసి తిండి పెట్టించాను. నా నోటితోనే వాటిని చంపించావు కదా!"

నాకు ఏడుపు వచ్చేసింది.

"ఏడుపు తర్వాత. ఎంత వేశావు?"

"మూడు చిటికెలండీ."

"చిటికె అంటే ఎంత? నీ చిటికె, నా చిటికె ఒకటా? పో, ఆఫీసులో త్రాసు ఉందిగా. పది చిటికెలు తూచి, ఒక్కో చిటికెకి సగటున ఎంతో లెక్క కట్టుకురా."

తూచుకొచ్చాను. కంటికి కట్టుతోనే ఆమె నోటిలెక్క వేశారు. సగం నీళ్ళు తీసేసి కొత్తగా సముద్రం నీళ్ళు పోస్తే సగం ఎరువు పోతుంది, రాళ్ళు పీల్చుకున్నది మళ్ళీ మెల్లగా బయటికొస్తుంది, మళ్ళీ సగం మార్చాలి, అలా ఆరు వారాలు. నాచు పాత పళ్ళబ్రష్షుతో తోమి, గొట్టంతో లాగి పారెయ్యాలి. తిండి బందు. ఇవన్నీ నిజం చెప్పాక గంటలో తేలిన సంగతులు.

ప్రతి ఆదివారం మొదటి బస్సుకి చీరాల, అక్కణ్ణుంచి ఓడరేవు. ఒడ్డున నీళ్ళు పనికిరావని ఆమె ఆంక్ష. పడవ మీద లోపలికి వెళ్ళొచ్చేవాళ్ళని బతిమాలి ఆరు క్యానులు తెప్పించుకునేవాణ్ణి. "చేపలు మోసేవోళ్ళని చూశాం గానీ ఉప్పునీళ్ళు మోసుకెళ్ళేవోణ్ణి నిన్నే చూత్తన్నానయ్యా!" అని ఒక పెద్దాయన పడీ పడీ నవ్వాడు. తిరుగు బస్సులో కండక్టర్ క్యాను తట్టి, "ఏంటండీ ఇది, కిరసనాయిలా?" అన్నాడు. సముద్రం నీళ్ళని చెప్పాను. "పేటలో నీళ్ళకి అంత కరువొచ్చిందా?" అని బస్సంతా వినపడేలా అరిచి, పాపం, దింపేటప్పుడు తనే రెండు క్యానులు పట్టుకున్నాడు.

ప్రతి సోమవారం గాజు గొట్టం తెచ్చి ఆమె మంచం పక్కన నిలబడేవాణ్ణి. ఆమెకు రంగు కనపడదు. "ఏ నీలం?" అనేవారు. మొదటి వారం సిరా నీలమని చెప్పాను. మూడో వారానికి, నీలిమందు ఎక్కువైన పంచె రంగు. ఒక సోమవారం తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది. తగ్గిందని చెప్పాలని నాలుక ఎంత లాగిందో! "పెరిగిందండీ" అన్నాను. ఆమె నిట్టూర్చి, "రాళ్ళు కక్కుతున్నాయి. ఈ వారం మధ్యలో ఇంకోసారి వెళ్ళిరా" అన్నారు. సెలవు పెట్టి వెళ్ళాను. అయిదో వారం ఒక పొద్దున చూస్తే, బొత్తాం పువ్వొకటి విచ్చుకుని ఉంది. ఒక్కటే. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పాము అనుకుని కర్ర తీసుకుని వచ్చారు.

అదే రోజుల్లో ఆఫీసుకి దర్శి వైపు నుంచి ఒక రైతు మట్టి తెచ్చాడు. భాస్వరం మోతాదుకు మించి ఉంది. కార్డు మీద 'ఈ ఏడు భాస్వరం వెయ్యొద్దు' అని రాసిచ్చాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "వెయ్యొద్దని చెప్పటానికి గవర్నమెంటు జీతమెందుకండీ మీకు?" అన్నాడు. ఆయన తిట్టింది నాకు మెచ్చుకోలులా వినిపించింది.

ఏడో వారం ఆమెకు కొత్త అద్దాలు వచ్చాయి, సీసా అడుగంత మందం. అద్దాలు పెట్టుకుని తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళారు. నేను వెనక నిలబడ్డాను. పువ్వులన్నీ విచ్చుకుని ఉన్నాయి. పగడం చాలామేర కోలుకుంది కానీ, ఎడమ అంచున మూడు వేళ్ళ వెడల్పున తెల్లగా ఉంది. అది ఇక తిరిగి రాదు. ఆమె చూపు మొదట అటే పోవాలా! పోయింది.

"ఇక్కడ తెల్లగా ఉంది" అన్నారు.

"అవునండీ. అక్కడ చచ్చిపోయింది. నా వల్లే."

ఆమె గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు. "గుంటలు కనపడుతున్నాయయ్యా. ఒక్కో గుంటలో గీతలు కూడా కనపడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... శేషూ, నాకు కనపడుతోంది! మా అమ్మ గతి నాకు పట్టలేదయ్యా!" అని రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేశారు. ఏడు వారాలుగా ఏ మచ్చ ఆమె కంట పడుతుందని నేను హడలి చచ్చానో, ఆ మచ్చ మీదే ఆమె తన చూపుని సరిచూసుకుంటున్నారు. నా గుండెల మీది బండ దిగిపోయింది. మెట్టు మీద కూలబడి నేనూ ఏడ్చాను.

"ఇప్పుడేడువు" అన్నారామె, అద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఏడ్చి, వచ్చి ఈ బతికిన వైపు కూడా చూడు."

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. తప్పులు చాలానే చేశాను, చిన్నవీ పెద్దవీ. ప్రతి తప్పునీ ఆ రోజే, ఆ మనిషికే చెప్పాను. చెప్పేముందు ప్రతిసారీ తప్పించుకునే మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది. చెప్పాక మాత్రం ఆ పూట కడుపునిండా అన్నం తినగలిగాను.