చదువుగది కట్టిన మనిషి

మా తర్లుపాడు గ్రంథాలయం మొదట ఒక్కటే గది, మట్టిమిద్దె. మా ఊరింకా మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. మా నాయనకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. గ్రంథాలయ సంఘానికీ ఆయనే పెద్ద. అందువల్ల ఇరవయ్యేళ్లు నిండకముందే గ్రంథాలయం తాళంచెవి నా చేతికొచ్చింది. పొద్దున దుకాణంలో కూర్చుని, సాయంత్రం గ్రంథాలయం తెరిచేవాణ్ణి.

ఒక ఏడు ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. మిద్దె కారి, బీరువాలోని పుస్తకాలు సగం తడిసిపోయాయి. దూలాలకు చెద పట్టిందని కూడా అప్పుడే తెలిసింది. సంఘంవాళ్లు కూర్చుని, మిద్దె తీసేసి బండల కప్పు వేయాలనీ, పడమటి గోడ కొట్టి, పదిమంది కూర్చుని చదువుకునే గది ఒకటి కలపాలనీ తీర్మానించారు.

పనికి వచ్చినవాడు పలకల గనుల్లో రాయి కొట్టిన మనిషి. నలభై ఏళ్లుంటాయి. అంటరానివాళ్లని ఊరు దూరంగా పెట్టిన పల్లెలో అతని ఇల్లు. రాతిపనిలో అంత చేయి తిరిగినవాడు చుట్టుపక్కల లేడని మా నాయనే కబురు పెట్టి పిలిపించాడు. అతను గోడ కడుతుంటే భార్య మట్టి అందించేది.

తడిసిన పుస్తకాలను నేను ఎండలో పరిచాను. గాలికి పుటలు లేస్తుంటే, అతను చేతులు తుడుచుకొని వచ్చి ఒక్కొక్కదాని మీద చిన్న రాతిపలక పెట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. చదువుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. చిన్నప్పుడు రెండేళ్లు మిషను బడికి పోయినాడట.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం, అన్నం తిన్నాక, కప్పులేని ఆ గదిలో కూర్చుని పత్రిక చదివేవాడు. మద్రాసు పత్రిక మాకు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. ఒత్తులున్నచోట తడబడితే నేను చెప్పేవాణ్ణి. గోడలు సగమే లేచాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

కిటికీ కింద బండ పరుస్తూ ఒకరోజు అడిగాడు.

"చిన్నసెట్టీ, గది అయినాక నేను ఈడ కూచోని చదువుకోవచ్చునా?"

"కట్టింది నువ్వే గదా. నిన్నెవరు వద్దంటారు?" అన్నాను.

ఎవరినీ అడగకుండానే అన్నాను. ఎవరైనా వద్దంటారేమోనన్న ఆలోచన నాకు రాలేదని చెప్పలేను. వచ్చింది. దాన్ని పక్కకు తోసి, మాట ఇచ్చేశాను.

పని పూర్తయిన మరునాడే పూజ పెట్టుకున్నారు. పురోహితుడు గోమూత్రం, పసుపునీళ్లు గదంతా చల్లాడు. ఊళ్లో పెద్దమనుషులంతా వచ్చారు. నేను బీరువాలో పుస్తకాలు సర్దుతున్నాను. అతను ఉతికిన పంచె కట్టుకుని భార్యతో వచ్చి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆడనే ఉండు. శుద్ధి అయిపోయింది," అన్నాడు మా నాయన. గొంతులో కోపం లేదు. కొత్త పంచె ఒకటి తెచ్చి, తగలకుండా అతని చేతుల్లో వదిలాడు.

అతను నావైపు చూశాడు. నేను వంగి, కింది అరలో అప్పటికే సర్దిన పుస్తకాలు తీసి మళ్లీ సర్దాను. తల ఎత్తేసరికి మెట్టు దగ్గర ఎవరూ లేరు.

ఆ సాయంత్రం నాయనను అడిగాను. అతను లోపలికొస్తే మిగిలినవాళ్లు రావడం మానేస్తారనీ, ఒక్కడి కోసం గ్రంథాలయమే మూతపడుతుందనీ ఆయన అన్నాడు. నేను అతనికి మాట ఇచ్చానని ఆయనకు చెప్పలేదు.

నాలుగో రోజున ఒక పుస్తకం ఉత్తరీయంలో చుట్టుకుని అతని ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. పుస్తకం అందిస్తే తీసుకోలేదు.

"నేనడిగింది పుస్తకం కాదు సామీ. అందరితో పాటు కూచునేదానికి అడిగినా."

అంతకు ముందెప్పుడూ నన్ను సామీ అని పిలవలేదు. ఎండకు నోరు ఎండిపోయింది. నీళ్లడగాలనిపించింది, అడగలేదు. ఆ రోజుల్లో అతను ఇవ్వడమూ తప్పే, నేను తాగడమూ తప్పే. పుస్తకం అట్లాగే వెనక్కి తెచ్చాను.

తర్వాత అతను గిద్దలూరు దిక్కున రైలు వంతెన పనికి పోయాడని విన్నాను. దగ్గుతో తిరిగొచ్చాడని కూడా విన్నాను. గనుల దుమ్ము మింగినవాళ్లకు వచ్చే దగ్గు అది. చూడటానికి పోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు.

చలికాలంలో ఒక పొద్దున అతని భార్య ఉప్పుకని దుకాణానికి వచ్చి, పల్లెవాళ్లు నిలబడే చోట దూరంగా నిలబడింది. ఎట్ల ఉన్నాడని అడిగాను.

"పోయినాడు సామీ. అయిదు దినాలాయ," అంది.

ఉప్పు కొలిచి, ఎత్తునుంచి ఆమె కొంగులో పోశాను. ఆమె మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కూడా గ్రంథాలయం తెరిచాను. ఆ తర్వాత చాలా ఏళ్లు తెరుస్తూనే ఉన్నాను. ఆ రోజే తాళంచెవి మా నాయన ముందు పెట్టేసి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.