ఖాసింబీ టీచరమ్మ విభక్తులు

నిన్న మధ్యాహ్నం గండికోట దారిలోని ఒక లాడ్జి వాళ్లు, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్ పెట్టె ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. బొమ్మ ఆగి ఆగి వస్తోందట. మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నేను జమ్మలమడుగులోని నా రిపేరు దుకాణంలో ఉండను. ప్రొద్దుటూరులో ఖాసింబీ టీచరమ్మ ముందుగదిలో చాప మీద కూర్చుని ఉంటాను. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివిన మాట నిజమే. కానీ మొరాయించిన పెట్టె ముందు ఎలా కూర్చోవాలో నాకు నేర్పింది మాత్రం, జీవితమంతా తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైన ఆమే. ఇది చెబితే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే పోయారు, నేనైతే చెప్పడం మానను.

పెళ్లయి పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు మాకు దొరికిన అద్దె ఇల్లు ఆమె ఇంటి పక్క వాటా. మా ఆయన పొద్దున్నే చిలమకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రాక. టీచరమ్మ ఒంటరిగా ఉండేది. భర్త పోయి చాలాకాలమైంది, కొడుకు కువైట్‌లో ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో ఉండేది. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం భాష, పాఠం అయిపోతే అచ్చమైన ప్రొద్దుటూరు. సాయంత్రమైతే వీధి పిల్లలంతా ఆమె ముందుగదిలో చేరి పద్యాలు వల్లించేవాళ్లు. మగ్గం నేసేవాళ్ల పిల్లలు, బంగారు అంగళ్ల వాళ్ల పిల్లలు ఒకే చాప మీద ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు కూర్చునేవాళ్లు. ఎవరి నోట ఒత్తు జారినా ఆమె వంటింట్లో పోపు వేస్తూనే పట్టేసేది. "ఒత్తు మింగినావేందిరా, ఇంట్లో అన్నం పెట్టల్యా?" అని అక్కడినుంచే కేక వేసేది. ఉద్యోగం అయిపోయాక ఆమెను నిలబెట్టింది ఆ సాయంత్రాలే.

టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్, రెండు స్పీకర్లు కొడుకు పంపిన కొత్తలో ఒకరోజు గోడ మీదుగా నన్ను పిలిచింది. "అమ్మీ, నువ్వు కంప్యూటర్లు చదివినావంట గదా. బొమ్మ వస్తాంది, మాట రాల్యా. ఒకసారి వచ్చి సూడు." వెళ్లాను. వెళ్లి నా ప్రతాపమంతా చూపించాను. వెనక ఉన్న తీగలన్నీ పీకి, అటువి ఇటు, ఇటువి అటు పెట్టి, కనిపించిన సెట్టింగులన్నీ నొక్కి, పెట్టెను ఆపి మళ్లీ వెలిగించాను. స్పీకర్లు పలికాయి. నేను గొప్పగా ఆమె వైపు చూశాను. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని, "దేనివల్ల వచ్చింది?" అని అడిగింది.

"వచ్చింది కదా టీచరమ్మా."

"వచ్చింది, ఇంటాండా. రేపు మళ్లా పోతే ఏం జేస్తావు? మళ్లా అన్నీ పీకుతావా? ముందు మాదిరి చెడగొట్టు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చేసేది లేక ఒక్కొక్క తీగనూ మొదట ఉన్నచోటే పెట్టాను, మాట మళ్లీ పోయింది. అప్పుడామె బలపం తీసుకుని నేల బండల మీద మూడు మాటలు రాసింది. నుంచి, ద్వారా, కి. "మాట యాడనుంచి బయలుదేరింది? దేని ద్వారా పోతాంది? దేనికి చేరాల? ఈ మూడిట్లో యాడో ఒకచోట తెగింటాది. ఒకటి మార్చు, సూడు. కాకపోతే దాన్ని ఉన్నట్టే పెట్టి ఇంకోటి మార్చు. రెండూ ఒకేసారి మార్చినావనుకో, పని అయినా నీకు తెలిసిందేం లేదు."

"ద్వారా కూడా విభక్తేనా టీచరమ్మా?" అని కొంచెం ఎగతాళిగానే అడిగాను.

"పరీక్షలో రాస్తే సున్నా ఏస్తా. ఈడ పనికొస్తాది, రాసుకో."

ఆ రోజు తప్పు ‘ద్వారా’లో దొరికింది. స్పీకరు తీగను పక్కనున్న మైకు రంధ్రంలో పెట్టి ఉంచారు. ఒక్క తీగ ఇటునుంచి అటు మారితే అయిపోయే పనికి నేను గదంతా చిందరవందర చేశాను. తప్పు దొరికిన క్షణంలో కలిగిన ఆ సంతోషం నాకు కొత్త. పరీక్షల్లో మార్కులు వచ్చినప్పుడు కూడా అలా అనిపించలేదు. ఆ తర్వాత ఏదో ఒక సాకుతో రోజూ ఆ ఇంట్లో వాలేదాన్ని.

ఎండాకాలం వచ్చేసరికి ఇంకో తంటా మొదలైంది. సినిమా పెట్టిన కాసేపటికి బొమ్మ నిలబడిపోయేది. మనిషి చెయ్యి ఎత్తితే ఎత్తినట్టే ఉండిపోయేది, మాట మాత్రం ముందుకు పోయేది. నేను ప్లేయర్ మారుద్దామన్నాను, మొత్తం తుడిచి మళ్లీ ఎక్కిద్దామన్నాను. "ఆగమ్మీ. అదే సినిమా రేపు పొద్దున్నే పెట్టి సూస్తాం" అంది. పొద్దున పెడితే గుక్క తిప్పుకోకుండా నడిచింది, మధ్యాహ్నం పెడితే నిలబడింది. మారింది పొద్దు ఒక్కటే అని అప్పుడు వెలిగింది నాకు. పెట్టె మీద చెయ్యి పెడితే చుర్రుమంది. దాని మీద కోడలు ఊలుతో అల్లి పంపిన పూల గుడ్డ కప్పి ఉంది. మా వైపు ఇళ్లలో టీవీకైనా, ఫ్రిజ్‌కైనా, మిక్సీకైనా గుడ్డ కప్పకపోతే దాన్ని బిడ్డలా చూసుకోనట్టే లెక్క. టీచరమ్మ ఆ గుడ్డ తీసి చూసుకుని నవ్వింది. "ప్రొద్దుటూరు ఎండలో దీనికి స్వెట్టర్ తొడిగినానే నేను! పాపం, అది మాత్రం ఎంతసేపని పరిగెత్తుతాది?" ఆ గుడ్డ ఆ రోజు నుంచి బియ్యం డబ్బా మీదికి చేరింది. కోడలు ఫోన్ చేసినప్పుడు మాత్రం గుడ్డ శానా బాగుందని చెప్పింది, ఎక్కడ కప్పిందో చెప్పలేదు.

మరుసటి ఏడాది కాన్పుకు పులివెందుల వెళ్లి, చంటిబిడ్డతో చాలా నెలల తర్వాత తిరిగొచ్చాను. వచ్చిన సాయంత్రం పక్కింట్లో పద్యాల గోల లేదు. బిడ్డను ఎత్తుకుని వెళ్లాను. టీచరమ్మ టీవీకి బాగా దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పాపను ఒళ్లోకి తీసుకుని ముద్దాడింది గానీ ముఖంలో వెలుగు లేదు.

"పిల్లోళ్లు యాడ టీచరమ్మా?"

"మాన్పించేస్తాండా అమ్మీ. ఈ పొద్దు నుంచే రావొద్దని చెప్పినా. నా చెవులు పోయినాయి." మొన్న ఒక పాప శాంతి అనాల్సిన చోట సాంతి అన్నదట. తాను భేష్ అన్నదట. వెనక ఎవరో కిసుక్కుమన్నారట. "ఆ పొద్దు రాత్రి సినిమా పెట్టుకుంటే అదీ అంతే. పాటల్లో వాయిద్యాలు గుయ్యిమంటాండాయి, మనిషి మాట్లాడేది మాత్రం దుప్పటి కప్పుకోని మాట్లాడినట్టుంది. చెవి లేనోళ్లు పద్యం ఏం చెప్తారు? తప్పు నేర్పేదాని కన్నా నేర్పకుండా ఉండేది మేలు."

ఆ చాప చుట్టేస్తే ఆమె ఎన్నాళ్లో ఉండదనిపించింది. పక్కనే కూర్చుని టీవీలో నడుస్తున్న సినిమానే చూడసాగాను. కాసేపటికి తట్టింది. మాటలు నాకూ సరిగా అందడం లేదు. నేనేమో పాతికేళ్ల దాన్ని, పక్క గదిలో బిడ్డ కదిలినా లేచేదాన్ని.

"టీచరమ్మా, నాకూ ఇనపడ్డంల్యా. నేను లేనప్పుడు దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"కొడుకొచ్చి పోయినాడు గదా. గదికంతా స్పీకర్లు పెడతానని ఏందేందో నొక్కినాడు. పెట్టకముందే సెలవు అయిపాయ."

బండల మీద మోకాళ్లు వేసి కూర్చున్నాను. ముందు ‘నుంచి’. అదే సినిమా నా ఫోన్లో పెడితే మాటలు శుభ్రంగా వచ్చాయి. తర్వాత ‘ద్వారా’. వేరే తీగ వేసి చూశాను, తేడా లేదు, పాతదే పెట్టేశాను. ఇక మిగిలింది ‘కి’. సెట్టింగు తెరిచి చూస్తే, గది చుట్టూ స్పీకర్లు ఉన్నాయనుకుని పెట్టె శబ్దాన్ని పంచుతోంది. వాయిద్యాలను పక్కల ఉన్న రెండింటికీ, మాటలను నడిమధ్య ఉండాల్సిన స్పీకరుకీ పంపుతోంది. ఆ నడిమి స్పీకరు ఆ ఇంట్లో లేనే లేదు. ఉన్నవి రెండే అని మార్చాను. మనుషుల గొంతులు గది నిండా పలికాయి. పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. టీచరమ్మ పాపను ఊపుతూనే పెట్టె వైపు చూసి, "ఇన్ని దినాలు ఎవురికే పంపిస్తాండావు మాటలు? ఎవురుండారని ఆడ?" అని తిట్టింది. తిడుతూనే కళ్లు తుడుచుకుంది.

పండగే అనుకున్నాను నేను. ఆమె ఒప్పుకోలేదు. "పెట్టె తప్పు పెట్టెకు తేలింది. సాంతి అన్న పిల్ల పెట్టెలోంచి అనల్యా గదా? ఇంకోటి సూడాల. నా యెనక నిలబడి ఏందన్నా పలుకు." వెనక్కి వెళ్లి నోటికొచ్చిన మాటలు పలికాను. గోడ, బలపం, పెరుగు, మగ్గం. అన్నీ తిరిగి చెప్పింది. శనగలు అన్నాను. సెనగలు అంది. విశాలం అంటే విసాలం అంది. ముందుకొచ్చి ఆమె ఏం పలికిందో చెప్పాను. చెబుతుంటే నాకు భయమేసింది. ఆమే ముందుగా ఫక్కున నవ్వింది. "ఈ జిల్లాలో అందురూ అట్లనే పలుకుతారు గదే! ఇన్నేండ్లు దిద్ది దిద్ది నా చెవి కూడా విసిగి యాష్టపోయింది." కొన్నాళ్లకు చెవి డాక్టరు దగ్గరికీ వెళ్లాం. వయసు తెచ్చిన తగ్గుదలేనని, మిగతాదంతా బాగానే ఉందని చెప్పాడు.

ఆమె మాత్రం డాక్టరు దాకా ఆగలేదు, మరుసటి సాయంత్రమే చాప మళ్లీ పరిచింది. పిల్లలంతా కూర్చున్నాక దాపరికం లేకుండా చెప్పేసింది. "శ, స కాడ నా చెవి మోసం జేస్తాంది. అందుకని ఇంకమీద పద్యం చెప్పేటోళ్లు వంటింట్లో ఉండే నాకు కాదు, నా ముందరకొచ్చి నా మొగం సూస్తా చెప్పాల. మీ నోరు జూస్తే నాకు తెలుస్తాది. నాకు తప్పిపోతే మిగతావాళ్లు చెయ్యెత్తండి. నవ్వాలనుకుంటే చెయ్యెత్తినాక నవ్వుకోండి." ఆమె పొయ్యి ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంటే పిల్లల గొంతులే మారిపోయాయి. అంతకుముందు గోడకు అప్పజెప్పినట్టు గడగడా చదివేవాళ్లు, ఇప్పుడు ఒక మనిషికి చెబుతున్నట్టు చెప్పారు. సాంతి అన్న పిల్ల ఆ రోజు శాంతి అంది. తప్పు లేకపోయినా, అందరికంటే ముందు టీచరమ్మే చెయ్యెత్తి నవ్వింది.

ఆ సాయంత్రాలు ఆమె పోయేదాకా ఆగలేదు. మేం జమ్మలమడుగు మారాక, ఈ దుకాణం పెట్టాక కూడా సెలవుల్లో మా పాపను ఆ చాప మీద దింపి వచ్చేదాన్ని. పెట్టెల సంగతికేం, కొత్తవి వస్తుంటాయి, పాతవి పోతుంటాయి, నేర్చుకున్న సెట్టింగుల్లో సగం నేనే మరిచిపోయాను. మొన్న బడి నుంచి వచ్చిన పాప, ఎలా గడిచింది ఈ పొద్దు అని అడిగితే, ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఏం లేదు" అని గొణిగింది. నా చేతిలో పని ఉంది. పని పక్కన పెట్టి, దాని ఎదురుగా చాప మీద కూర్చుని, "నా మొగం సూసి చెప్పు పాపా" అన్నాను. అది తల ఎత్తింది. ఏం లేదని అన్న పిల్ల, పొద్దు గూకేదాకా చెబుతూనే ఉంది.