మంగతో అన్న మాట

ఒక మాట అన్నాను. తరవాత అనలేదన్నాను. ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చున్నవి ఈ రెండే. మొదటిది నవ్వులాటకి అన్నానని చెప్పి తప్పించుకోవచ్చునేమో. రెండోదానికి ఏం పేరు పెట్టుకోను?

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతే. నేను చెబుతుంటే మా పక్క వాటాలో ఉండే జరీనా గారు రాస్తున్నారు. ఆవిడ బట్టలు కుడతారు. మిషను ఆపి కూర్చున్నారు. నా పేరు మాత్రం రాయవద్దన్నాను. పేరు దాచుకుంటే ఇక ఒప్పుకున్నదేముంది అని ఆవిడ అడగలేదు. నన్ను నేనే అడిగాను.

ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. అప్పట్లో కైకలూరు దగ్గర, చేపల చెరువుల మీద ఉండేవాళ్ళం, నేనూ మా ఆయనా. ఆయన ఒక ఆసామి చెరువుకి కాపలా. గట్టు మీదే పాక. మేత సంచులకి చిల్లులు పొడిచి, పడవ మీద వెళ్ళి, నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి రావడం, వేళకి మోటారు వెయ్యడం, కొంగల్ని తోలడం, ఇదే ఆయన పని. నేను పక్కనే ఉండి చూసి చూసి అంతా నేర్చుకున్నాను.

మా ఇద్దరి మధ్యా మాటలన్నీ వెటకారంగానే ఉండేవి. మావైపు అందరూ అంతే, మేము ఇంకొంచెం ఎక్కువ. ఆయన వానలో నిలువునా తడిసి వస్తే, "ఏవండీ, దారిలో ఎండ బాగా కాసిందా?" అనేదాన్ని. "కాసిందనే కదా ఇలా చెమట పట్టేసింది" అనేవారు. ప్రేమైనా కోపమైనా ఆ దారినే వెళ్ళేది. తిన్నగా మాట్లాడితే ఏదో కీడు జరిగిందని భయం వేసేది మాకు. మాట అంటే దాని వెనక ఇంకో మాట ఉంటుందని, వినేవాడు దాన్ని అందుకోవాలని, మేము పుట్టినప్పటి నుంచీ ఎరిగినదే. అందుకోలేని వాళ్ళు ఉంటారని, అది వాళ్ళ తప్పు కాదని, నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన పోయారు. ఆ గట్టు మీదే, మేత సంచి భుజాన ఉండగానే, గుండె ఆగిపోయి.

కర్మకాండ అయ్యాక ఆసామి మంచిగానే చెప్పారు. ఆడమనిషివి, ఒక్కదానివి అంత చెరువు కాయలేవమ్మా, మగమనిషిని పెట్టుకుంటాను అన్నారు. చెరువు గట్టు పక్కన పారే కాలవకి ఇవతల ఇంకో పాక ఉంటే అందులో ఉండమని, మేత కలిపే పని ఇచ్చారు. కాదనడానికి నాకు మాటేముంది? సామాను తెచ్చుకున్నాను. మట్టి పొయ్యి తెచ్చుకోలేను కదా, అది అక్కడే ఉండిపోయింది.

గట్టు మీది నా పాకలోకి సూరిబాబు, మంగ అనే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. నల్లజర్ల అవతల మెట్ట ఊరి వాళ్ళు. జీడితోటల్లో పనిచేసిన చేతులు. చేపల చెరువు మొహం చూసి ఎరగరు. మంగ నన్ను నోరారా అక్కా అనేది. ప్రతిదీ వచ్చి అడిగేది. సూరిబాబు ఆమెతో మెత్తగా మాట్లాడేవాడు. పొద్దుగూకే వేళ ఇద్దరూ నేను అలికిన పొయ్యి దగ్గర, నేను అలికిన అరుగు మీద కూర్చుని తినేవారు. నేను ఇవతల నుంచి చూసేదాన్ని. ఆ కాలవ పెద్ద వెడల్పేం కాదు.

వచ్చిన కొత్తలో మంగ ఒకటి అడిగింది. మేత సంచి కట్టాక, అంత చెరువులో చేపలకి అది ఎక్కడుందో ఎలా తెలుస్తుందక్కా అని.

నేను చేస్తున్న పని ఆపకుండానే అన్నాను. "పిలవాలి. పిలవకపోతే అలిగి రావు. పిలవని పేరంటానికి నువ్వెళ్తావా?"

మర్నాడు పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆమె పిలుస్తోంది. "రండమ్మా బొచ్చెలూ, రండమ్మా శీలావతులూ" అని చేపల జాతుల పేర్లు పెట్టి మరీ. మేత కలిపేవాళ్ళం పొట్ట పట్టుకుని నవ్వాం. సూరిబాబు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. ఆమెకి ఎవరమూ చెప్పలేదు. రోజూ పిలిచేది. ఈపాటికి తెలిసిపోయి ఉంటుందిలే, సరదాకి పిలుస్తోందిలే అనుకున్నాను. అనుకున్నానా? లేక అలా అనుకుంటే నాకు హాయిగా ఉంటుందని అనుకున్నానా? ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ నా ఆలోచన ఆగిపోతుంది.

ఎదటివాళ్ళు వెటకారం పట్టుకోవాలంటే ముందు వాళ్ళకి నిజం తెలిసుండాలి. ఎండ కాయలేదని తెలుసు కాబట్టి మా ఆయన నవ్వారు. మంగకి చేపల నిజం ఒక్కటీ తెలియదు. ఆమె చేతిలో ఉన్నది నేను పెట్టిన మాటలే. వాటిలో ఏది బియ్యమో ఏది రాయో ఆమె ఎలా ఏరుకుంటుంది? ఇంత సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదని మీతో అనగలనా? ఆమె గట్టు మీద నిలబడి పిలవడం నా కళ్ళతో చూశాను కదా.

ఆ రోజు దగ్గరికి వస్తాను. ఇక తప్పదు.

వరసగా మబ్బులు పట్టి ఉన్నాయి. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మావైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు, అది చావు ముందరి గుర్తని. చూసీ చూడగానే మోటారు వేసి నీళ్ళు పైనుంచి పడేట్టు చెయ్యాలి, మందు చల్లాలి, ఆసామికి ఫోన్ చెయ్యాలి. సూరిబాబుకి ఆసామి చెప్పే ఉంటారు. మంగకి ఎవరు చెబుతారు? సూరిబాబు చీకటితోనే మందు కోసం సైకిలు మీద కైకలూరు వెళ్ళాడు. ఫోను అతని దగ్గరే ఉంది.

నేను కాలవ దగ్గర గిన్నెలు తోముతున్నాను. మంగ అవతలి గట్టు మీదకి పరుగున వచ్చింది.

"అక్కా, చేపలన్నీ పైకొచ్చేశాయి! నోళ్ళు తెరిచి ఒకటే ఆడిత్తన్నాయి. ఏమన్నా అయ్యిందంటావా?"

నేను తల ఎత్తలేదు. "ఏమవుద్దే? ఇన్నాళ్ళూ నువ్వు పిలిచావు, ఇవాళ అవి పలుకుతున్నాయి. పోయి పలకరించు, లేకపోతే మర్యాదగా ఉండదు."

"నిజంగానా అక్కా?"

"మరి? నా మొగుడు అన్నేళ్ళు కాశాడు, ఆయనకి ఒక్కటంటే ఒక్కటి పలకలేదు. నీ అదృష్టమే అదృష్టం."

మంగ నవ్వింది. నవ్వి వెనక్కి పరిగెత్తింది.

ఇది చెబుతుంటే జరీనా గారికి కూడా నవ్వొచ్చింది. వెంటనే కలం ఆపేసి నా మొహం చూశారు. ఆవిణ్ణి నేనేం అనను. నవ్వొచ్చేట్టే అన్నాను కదా.

నిజంగానా అని అడిగింది చూడండి. తలుపు తీసి పట్టుకుని అడిగింది. కాదే పిచ్చిదానా, మోటారు వెయ్యి అంటే సరిపోయేది. నేను ఇంకో మాట వేసి ఆ తలుపు మూశాను.

తరవాత చెవులు రిక్కించి కూర్చున్నాను. మోటారు చప్పుడు కోసం. ఇప్పుడు వేస్తుంది. ఇదిగో, ఇప్పుడు. రాలేదు. మంగ గొంతు వినబడింది. చేపలతో మాట్లాడుతోంది. మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతోంది. నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను. కాలవ మీద తాటిదుంగ వేసి ఉంది, అవతలికి నాలుగు అడుగులు. లేచాను. దుంగ మీద ఒక కాలు పెట్టాను. ఎదురుగా నా పాక. మా ఆయన లుంగీ ఆరేసిన తీగ మీద ఆమె చీర ఆరుతోంది. కాలు వెనక్కి తీసేసుకున్నాను.

భయమేసి తీశానని ఎవరికైనా చెప్పొచ్చు. ఆయన పోయిన గట్టు తొక్కలేకపోయానని చెప్పొచ్చు. అవీ ఉన్నాయి. కానీ వాటి కింద ఇంకోటి ఉంది. పోనీలే అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణం చాలింది.

సూరిబాబు వచ్చేసరికి చెరువు తెల్లబడిపోయింది. వెల్లకిలా తేలిన చేపలు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఆసామి వచ్చారు. చుట్టుపక్కల చెరువుల వాళ్ళంతా మూగారు. నేనూ వెళ్ళాను. అప్పుడు మాత్రం దుంగ దాటగలిగాను.

ఆసామి మంగని గద్దించి అడిగారు. ఆమె నా వైపు చెయ్యి చూపించింది. "నేను పిలిచేదాన్ని గదండీ, అవి పలుకుతున్నాయని అక్క చెప్పిందండీ."

ఆసామి నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వలా అన్నావా?"

అన్నానండీ, వేళాకోళానికన్నానండీ, నమ్ముతుందనుకోలేదండీ. నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఏమయ్యేది? తిట్టేవారు. పని మానిపించేవారు. పాక ఖాళీ చెయ్యమనేవారు. మొగుడు లేనిదాన్ని, ఎక్కడికి పోను? ఇది ఇప్పుడు వేస్తున్న లెక్క. అప్పుడు ఇంత ఆలోచించలేదు. నోరు దానంతట అదే, అలవాటు కొద్దీ, ఎప్పుడూ వెళ్ళే దారినే వెళ్ళింది.

"నేనాండీ? చేపలు మాట్లాడతాయని నేను చెప్పానే అనుకోండి, ఎవరైనా నమ్ముతారాండీ బాబుగారూ?"

గట్టు మీద అందరూ నవ్వారు. అంత చావు మధ్యలో నవ్వారు. ఆసామి పెదవుల మీద కూడా నవ్వు కదిలింది. ఆ నవ్వుతో మంగ పని అయిపోయింది. తప్పు చేసి, పైగా కట్టుకథ చెప్పిన మనిషైపోయింది. ఆమె ఒక్కో మొహమే చూసింది, చివరికి నా మొహం. కోపం లేదు. ఏదో అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు చూసింది, ఇప్పుడన్నది నిజమో పొద్దున్న అన్నది నిజమో తేల్చుకోలేక. "అక్కా, చెప్పావు కదక్కా" అంది. మెల్లిగా, నాకే వినబడేట్టు.

సూరిబాబు అప్పటిదాకా ఆమె మీద గొంతు పెంచగా నేను వినలేదు. అందరి ముందూ చెంప మీద కొట్టాడు. "అబద్ధాలెందుకాడతావే" అన్నాడు. ఆ రోజే మూట కట్టుకుని వెళ్ళిపోయారు. గట్టు వెంబడి అతను ముందు, ఆమె చాలా వెనక.

ఆసామి మర్నాడు నన్ను పిలిచి, ఈ పని తెలిసినదానివి నువ్వే, నువ్వే ఉండమ్మా అన్నారు. నా పాక నాకు వచ్చింది. నా పొయ్యీ వచ్చింది. ఆ చెరువు చేతులు మారేదాకా అందులోనే ఉన్నాను, అందులోనే వండుకు తిన్నాను. ఆ కూడు ఎలా దిగిందని మీరడగవచ్చు. దిగింది. అదే నాకు భయం.

తరవాత ఏలూరు వచ్చేశాను. ఒక మెస్సులో కూరలు తరుగుతాను. ఈమధ్య మెస్సు ఆయన ఉల్లిపాయల కోసం తాడేపల్లిగూడెం మార్కెట్టుకి వెళ్తూ, ఏరిపెడతానని నన్ను కూడా ఆటోలో తీసుకెళ్ళాడు. అక్కడ ఉల్లిపాయల గుట్టల దగ్గర ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. వాళ్ళలో మంగ ఉంది. జుట్టు నెరిసింది. గుర్తు పట్టడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

పక్కనున్న ఆవిడ ఏదో అంది. "మంగమ్మా, మేస్త్రీ ఇవాళ మనకి బిర్యానీ తెప్పిత్తాడంట."

మంగ చేతిలో ఉల్లిపాయ ఆగిపోయింది. "నిజంగా అంటున్నావా, ఎటకారానికా? ముందు అది చెప్పు."

"ఎటకారానికే తల్లీ" అంది ఆవిడ, రోజూ చెప్పే జవాబులాగా. మంగ తలూపి మళ్ళీ ఏరుకుంది. నవ్వలేదు.

ఆమె తల ఎత్తుతుంటే నేను చెంగు మొహం మీదకి లాక్కున్నాను. సూరిబాబు ఉన్నాడో లేడో, ఆమెతో మళ్ళీ మెత్తగా మాట్లాడాడో లేదో అడగాలనుంది. అడగడానికి నోరేది? ఆటో ఎక్కేశాను. ఉల్లిపాయలు ఏరలేదని మెస్సు ఆయన సణుగుతూనే ఉన్నాడు ఏలూరు దాకా.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే నాకు ఒరిగేదేమీ లేదు, చెంపదెబ్బ తిన్నది మీరు కాదు. మంగ దగ్గరికే వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. వెళ్తానని ఇప్పుడు అనేయడం తేలిక. నా మాటల్లో ఎన్ని నిలబడ్డాయో మీరు చూశారు. అందుకని అనను.

కాబట్టి చెప్పగలిగింది చెబుతున్నాను, వెనక ఇంకో మాట లేకుండా. మంగ అబద్ధమాడలేదు. చేపలు పలుకుతున్నాయని ఆమెతో నేనే అన్నాను. మోటారు వెయ్యలేదని తెలిసీ కూర్చున్నాను. అనలేదని అందరి ముందూ బొంకాను.

ఇది కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. కిటికీ రోడ్డు వైపుకి ఉంది. ఎవరైనా వింటారేమో, మూసేయనా అని జరీనా గారు అడిగారు.

వద్దన్నాను.