ఎడమ భుజానికి చేసిన తుపాకి

అత్తమ్మ పోయిందన్న కబురు తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఆ ఉదయం కాఫీ తాగి, పేపర్ చదువుతూ పడక్కుర్చీలో కునుకు తీసిందట, మళ్లీ లేవలేదట. ఆ వెంటనే వాడే అడిగాడు.

"అక్కా, మరి తుపాకి సంగతేంది?"

ఏడుస్తూనే నవ్వాను. ఆ మాట విని ఉంటే అత్తమ్మ, అడగాల్సినది సరిగ్గా అడిగాడని మెచ్చుకునేది. చావు కబురు చెప్పిన నోటితోనే తుపాకి గురించి అడగాల్సిన ఇల్లు సికింద్రాబాద్ మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఆమె మా నాన్న చెల్లెలు. చిలకలగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, తుపాకి ఉన్న ఇంటికి పిల్లను చూడ్డానికి ఎవరొస్తారని ఎదురు ప్రశ్న వేసేది. ఆ తుపాకి మా తాత నుంచి వచ్చింది. తాత ఒక నవాబు గారి దేవిడీలో, అంటే ఆయన హవేలీలో, తుపాకుల బాగోగులు చూసేవాడు. నవాబు గారు షికారు మానేశాక, ఇంగ్లండులో తన కోసం చేయించుకున్న జోడు గొట్టాల తుపాకిని తాత చేతిలో పెట్టారు. దాన్ని తాత కొడుక్కు కాకుండా కూతురికిచ్చాడు. మా నాన్న దీపావళి పటాకులకే చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లే మనిషి కాబట్టి ఇంట్లో ఎవరూ గొడవ పడలేదు.

చిక్కల్లా ఏమిటంటే, నవాబు గారిది ఎడమ చేతి వాటం. మంచి తుపాకిని మనిషి కొలతలు తీసుకునే చేస్తారు, దర్జీ షేర్వానీ కుట్టినట్టు. భుజానికి ఆనించే అక్రోటు చెక్క కర్రను నవాబు గారి కోసం కాస్త ఎడమకు ఒంచారు. కుడి భుజానికి పెట్టుకుంటే గురి కుదరదు. అత్తమ్మది కుడి చెయ్యి. కర్రను వేడి నూనెతో కుడికి ఒంచేయొచ్చని తెలిసిన వాళ్లందరూ చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. అన్నం కుడి చేత్తో తింటూ, బోర్డు మీద లెక్క కుడి చేత్తో వేస్తూ, తుపాకి మాత్రం ఎడమ భుజానికి ఎత్తడం నేర్చుకుంది.

"అది నాకంటె పెద్దది. పెద్దోళ్లను మనం వంచుతమా?" అనేది.

ఒక్క పిట్టనూ కొట్టలేదు. షూటింగ్ రేంజిలో మర గాలిలోకి విసిరే మట్టి బిళ్లలు పగలగొట్టేది, అంతే. వాటిని కూడా అక్కడ పిట్టలే అంటారు. ఆమె ప్రేమంతా చప్పుడు మీద కాదు, పనితనం మీద. ఇంటికి ఎవరొచ్చినా టీ కప్పు దించగానే భూతద్దం చేతిలో పెట్టేది. పక్కల ఉన్న ఉక్కు రేకుల మీద ఒక కౌజు పిట్టల జంట చెక్కి ఉంటుంది. వాటి రెక్కల్లోని ఈకలు చూడమనేది. చూశామంటే, ఏం చూశారో చెప్పమనేది. టీచరు కదా, ఊరికే వదలదు. ఆ తర్వాత తుపాకిని తెరిచి, ఖాళీగా ఉందని మనకే చూపించి, మెల్లగా మూసేది. గొట్టాలు తమ చోటులో కూర్చున్నప్పుడు చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినడానికే వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తుందని మా అమ్మ ఎగతాళి చేసేది. అది నిజం కూడా.

ఎన్నికలు వస్తే మాత్రం ఆమెకు తక్లీఫ్ షురూ అయ్యేది. లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి కదా. కారు నడిపేది నేను. ముందు అసెంబ్లీ, తర్వాత పార్లమెంటు, ఆ వెంటనే కార్పొరేషన్. మనవరాలిని హాస్టల్లో దింపడానికి వెళ్లే నాయనమ్మలా, తను కుట్టిన ఫ్లానెల్ సంచిలో తుపాకిని పెట్టుకుని ఒళ్లో పట్టుకుని కూర్చునేది. తేమ తగలనివ్వొద్దని, గోడకు ఆనించొద్దని, ఉత్త చేత్తో ఉక్కు ముట్టుకోవద్దని కానిస్టేబుళ్లకు పాఠం చెప్పేది. అంతటితో ఊరుకోక, వారం వారం మురుకుల డబ్బా పట్టుకుని పలకరించడానికి వెళ్లేది. మురుకులు వాళ్లకు, పలకరింపు తుపాకికి. ఎవరు గెలిచారన్నది ఆమెకు పట్టేది కాదు. ఫలితాలు వస్తే చాలు, తుపాకి ఇంటికొస్తుంది.

ఇక దసరా సంగతి చెప్పకపోతే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఆయుధ పూజకు అత్తమ్మ తుపాకి పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చేది. పసుపు కుంకుమలు పెట్టె మూతకే, తుపాకికి కాదు. పసుపు ఆ సన్నని చెక్కడంలోకి దిగితే రాదని ఆమె భయం. ఒక ఏడు ఆమె జమ్మి ఆకు కోసం మార్కెట్‌కు వెళ్లింది. ఇంట్లో ఉన్న మా అమ్మకు ఆడబిడ్డ మీద ప్రేమ పొంగింది. పూజ సామానంతా తోముతూ, ఈ తుపాకి రేకులు మాత్రం నల్లగా, నీలంగా మరకలతో ఉన్నాయేమిటని, ఇంత చింతపండు తీసుకుని ఒక వైపు రేకును రాగి చెంబును తోమినట్టు తోమింది.

అవి మరకలు కావు. ఉక్కును కాల్చి చల్లార్చినప్పుడు పట్టే రంగులు. నీలం, ఊదా, పొగ రంగు కలగలిసి ఉంటాయి. తుపాకి పాతదైనా ఆ రంగులు నిలవడమే దాని విలువంటారు తెలిసినవాళ్లు. అత్తమ్మ తిరిగొచ్చేసరికి ఒక వైపు రేకు స్టీలు గరిటెలా తళతళ మెరుస్తోంది. మా అమ్మ గర్వంగా చూపించింది. అత్తమ్మ కుర్చీలో కూలబడి దాన్నే చూసింది. సంగతి తెలిసి అమ్మ ఏడుపు అందుకుంది. అప్పుడు లేచింది అత్తమ్మ.

"ఏడ్వకు వదినె. దీన్ని ఇంత పావురంగ, ఇంత ప్రేమగ ఇంగ్లండోళ్లు సుత తోమలె."

ఇద్దరూ నవ్వారు. మర్నాటి నుంచి భూతద్దం కార్యక్రమంలో ఒక అంకం పెరిగింది. ఈ పక్క పనితనం ఇంగ్లండుది, ఆ పక్కది మా వదినెది, అని అందరికీ చూపించేది. మళ్లీ రంగులు వేయిద్దామంటే వద్దంది. దాని మీద జరిగిందంతా దాని చరిత్రేనట. ఎవరి చెయ్యి పడిందో చెరిపేస్తే ఇక అది కొత్త తుపాకి అవుతుందట. ఆ మాట నేను చాలాసార్లు తలచుకుంటాను, తుపాకుల విషయంలోనే కాదు.

పోయిన ఎండాకాలంలో ఒక రోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. తను పోయాక దాన్ని గోడకు తగిలించవద్దు, తుప్పు పట్టనివ్వవద్దు, ముక్కలు చేయనివ్వవద్దు. ఎవరో ఒకరు దాన్ని భుజానికెత్తాలి. పనిముట్టుకు పని లేకుంటే రోగమొస్తుందని ఆమె నమ్మకం. ఎవరెత్తుతారని అడిగాను. నా వైపు చూసి కాఫీ తాగింది. బల్లి కనబడితే గది మారే మనిషిని నేను. నవ్వి వదిలేశాను.

ఆమె పోయాక తుపాకిని, చట్టం చెప్పినట్టే, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో అప్పగించాం. దుకాణం పెద్దాయనకు అత్తమ్మ బాగా తెలుసు. సలాం చేసి సంచి అందుకున్నాడు. వారసులు లైసెన్సు తీసుకుంటే ఇంటికి తీసుకెళ్లొచ్చు, లేదంటే ప్రభుత్వానికి ఇచ్చేయాలి, అప్పుడు అది ముక్కలు కావచ్చు అన్నాడు. ఇచ్చేద్దాం, ఈ వయసులో మనకెందుకు పరేషాన్ అన్నాడు తమ్ముడు. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ ఆ రేకుల మీది ఈకలు రంపం కింద పడతాయన్న ఊహ నాకు పడలేదు. నేను తీసుకుంటానని నోరు జారాను. జారిన మాటను వెనక్కి తీసుకోలేదు.

లైసెన్సుకు కావాల్సిన తుపాకి శిక్షణకు వెళ్లాను. క్లాసులో మిగతా వాళ్లందరూ నా పిల్లల ఈడు వాళ్లు. లైసెన్సు ఆఫీసులో అధికారి, ఎందుకు కావాలి మేడమ్, ప్రాణ రక్షణకా, పంట రక్షణకా అని అడిగాడు. మా మేనత్త రక్షణకు అని నాలుక చివరి దాకా వచ్చింది. క్రీడ కోసం అని చెప్పాను. తిరిగి తిరిగి చెప్పులరిగాక, ఏడాది తిరిగే లోపే లైసెన్సు చేతికి వచ్చింది.

తుపాకి తెచ్చుకోవడానికి వెళ్తే దుకాణం పెద్దాయన భుజానికెత్తి చూడమన్నాడు. కుడి భుజానికి పెట్టాను. కన్ను ఒక చోట, గొట్టాలు మరో చోట. ఆయన తలూపి, వారం రోజులు వదిలిపెడితే కర్రను వేడి నూనెతో ఒంచి నాకు సరిపడా చేస్తానన్నాడు. పనిలో పనిగా ఆ తెల్లబడిన రేకుకూ రంగులు పట్టిస్తానన్నాడు. కొత్తదానిలా ఉంటుందన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను సంచి ముడి వేసి, ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్తానన్నాను. ఆయన చిన్నగా నవ్వి, తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

మొన్న ఆదివారం రేంజికి వెళ్లాను. అమ్మ కూడా వస్తానంది. చెవుల్లో దూది పెట్టుకుని, గొడుగు వేసుకుని వెనక కుర్చీలో కూర్చుంది. నేను తుపాకిని ఎడమ భుజానికెత్తాను. ఎడమ కన్ను, ఎడమ వేలు, అన్నీ పరాయి వాళ్లవైనట్టున్నాయి. మట్టి బిళ్ల గాలిలోకి లేచింది. కాల్చాను. భుజం అదిరింది. బిళ్లకు ఏమీ కాలేదు.

వెనక నుంచి అమ్మ మాట్లాడింది. చెవుల్లో దూది ఉండడంతో ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఆమెకు తెలియలేదు. రేంజి అంతా తిరిగి చూసింది.

"నిలబడుడు సుత అచ్చం మా ఆడబిడ్డ లెక్కనే ఉన్నది బిడ్డా."

వెనక్కి తిరగలేదు నేను. తిరిగితే ఏడుస్తానని తెలుసు. తుపాకి తెరిచాను, పొగ సన్నగా లేచింది. దూరంగా ఆ నారింజ రంగు బిళ్ల చెక్కు చెదరకుండా దిగి, గడ్డిలో అంచు మీద కాసేపు దొర్లి, పక్కకు ఒరిగింది.