సున్నుండల డబ్బా మీద మన పైగది అమ్మాయి

ముందు కూర్చో. అలా మంచం అంచున కాదు, కుర్చీ లాక్కుని సరిగ్గా కూర్చుని విను. ఆ ఫోను బోర్లా పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లో టైపు చెయ్యి. మధ్యలో నీ ఇంగ్లీషు కలపకు. నేను కలిపితే కలిపానులే, అది వేరు.

నిన్న నన్నొక మాట అడిగావు. యూనివర్సిటీలో ఆటలాడే పిల్లలు తమ పేరూ ఫోటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చా, కూడదా, మీ కాలేజీలో డిబేట్ ఉంది, ఒక్క ముక్కలో చెప్పమ్మమ్మా అన్నావు. ఒక్క ముక్కలో నేను ఏనాడు ఏం చెప్పాను కనక? మన పైగది అమ్మాయి సంగతి చెప్తాను. అందులోంచి నీకు కావలసిన ముక్క నువ్వే తీసుకో.

ఇక్కడ నాటింగ్‌హామ్‌లో మనింటి పైన ఆ చిన్న గది ఊరికే పడుండేది. మీ అమ్మ హాస్పిటల్ డ్యూటీల రోటా ఎప్పుడెలా ఉంటుందో దేవుడికి కూడా తెలీదు. నేను ఒక్కదాన్నీ ఇంట్లో ఉంటున్నానని, మాస్టర్స్ చదవడానికి వచ్చిన విజయనగరం అమ్మాయికి ఆ గది ఇచ్చింది. వచ్చిన రోజు చూస్తే ఆ పిల్ల నా భుజం దాకా లేదు. రెండు చేతుల్లో రెండు పెద్ద సూట్‌కేసులు పట్టుకుని, నాతో కబుర్లు చెబుతూనే మెట్లెక్కేసింది. ఖాళీవి కాబోలు అనుకున్నాను. తరవాత గది ఊడుద్దామని ఒకదాన్ని పక్కకి జరపబోతే కదిలితే ఒట్టు.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాను.

"డేటా సైన్సండి మామ్మగారూ. బరువులు కూడా ఎత్తుతానండి."

"అయ్యో, గోడౌనులో పనా?"

ఆ పిల్ల గోడకి చేరబడి మరీ నవ్వింది. "కాదండి. పోటీల్లోనండి. మా ఊళ్ళో ఆడపిల్లలం చాలామంది ఎత్తుతామండి. ఇక్కడ యూనివర్సిటీ జట్టులో చేరీసాను."

ఆ మాట విన్నానే గానీ, దాని అర్థం నాకు ఆ పోటీ రోజు దాకా తెలీలేదు. నువ్వే కదా నన్ను తీసుకెళ్ళావు. పెద్ద హాలు. మధ్యలో చెక్క వేదిక. ఇనప కడ్డీకి అటూ ఇటూ రంగురంగుల చక్రాలు. ఈ పిల్ల వచ్చింది. చేతులకి సుద్దపొడి రాసుకుంది. వంగి కడ్డీని ముట్టుకుని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. మనం పుస్తకం కాలికి తగిలితే అద్దుకుంటామే, అలా. ఇనుముకి దణ్ణం పెట్టడం నేను అదే చూడటం.

తరవాత ఏం జరిగిందో చెప్పమంటే నాకు సరిగ్గా రాదు. కడ్డీ ముందు మధ్యలో వంగింది, చివర్లు నేలని వదలనన్నట్టు కాసేపు ఆగాయి. అంతలో లేచింది. అది పైకి వస్తోంటే ఈ పిల్ల దాని కిందికి వెళ్ళి కూర్చుంది. పారిపోవలసిన చోటికి ఎదురెళ్ళి కూర్చుంది. తల మీద అంత ఇనుము, చేతులు నిటారుగా, గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్ళు వణికాయి. అప్పుడు నెమ్మదిగా లేచి నిలబడింది. తన బరువు కన్నా ఎక్కువట అది. ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల దీపాలు వెలిగాయి. కింద పడేసింది. ఆ చప్పుడు నా కుర్చీలోంచి నా వెన్నులోకి వచ్చింది.

నేను ముగ్గుర్ని కన్నాను. ఎందరి పురుళ్ళో పోశాను. మనిషి ఒంట్లో ఎంత ఉంటుందో నాకు తెలుసనుకున్నాను. ఆ వేళ నాకు తెలీదని తెలిసింది.

పిల్ల నిలబడి ఉండగా ఫోటో తీశాను. నా జన్మకి ఒక్క ఫోటో సరిగ్గా వచ్చిందంటే అదే. ఇంటికి వచ్చే దారిలోనే మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ మొదలైంది నా తప్పు.

మనం సరుకులు తెచ్చుకునే తెలుగు కొట్టుంది కదా, ఆయన భార్య ఆ గ్రూపులో ఉంది. ఆమె ఆయనకి చూపించింది. మర్నాడు గోంగూర కోసం వెళ్తే ఆయన ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు.

"పిన్నిగారూ, ఈ అమ్మాయి మీ ఇంట్లోనే ఉంటుందంట కదండీ. మన సున్నుండల డబ్బా మీద ఈ బొమ్మ ఎయ్యనా? మినువులు తింటే ఎంత బలమో ఈ పిల్లోళ్ళకి నేను చెప్పక్కర్లా, చూస్తే చాలు. ఊరికే ఒద్దు, ఆ అమ్మాయికి ఇవ్వాల్సింది ఇస్తా."

"వెయ్యవయ్యా, దానికి అడగడం దేనికి, మన పిల్లే కదా," అన్నాను.

చూశావా, ఎంత తేలిగ్గా అనేశానో. మొహం ఆ పిల్లది, ఎత్తింది ఆ పిల్ల, సరేనన్నది నేను. నాకు అందులో తప్పేమీ కనపడలేదు కూడా. వాళ్ళ జట్టులోనే ఇక్కడే పుట్టిన తెల్లమ్మాయి ఒకతె ఉంది. వ్యాయామం బట్టల కొట్టువాళ్ళు ఆ అమ్మాయికి బట్టలిచ్చి, డబ్బిచ్చి, ఫోటోలు తమ పేజీలో పెట్టుకుంటారని మన పిల్లే నాకు చెప్పింది. ఆ అమ్మాయికి ఉన్నప్పుడు మన అమ్మాయికి ఉండదా అనుకున్నాను. పైగా మన పిల్ల బూట్లు చూశాను. బరువులెత్తడానికి మడమ ఎత్తుగా ఉండే బూట్లు వేరే ఉంటాయి. ఒకదాని మడమ ఊడిపోతే జిగురు పెట్టి అతికించి, దాని మీద మన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి ఆరబెడుతోంది.

ఆ శుక్రవారం కొట్టాయన భార్య పేరంటానికి పిలిచింది. నేనూ ఈ పిల్లా వెళ్ళాం. ఆమె బొట్టు పెట్టి, పళ్ళూ రవికెల గుడ్డా పెట్టి, మీద ఒక కవరుంచి ఈ పిల్ల చేతిలో తాంబూలం పెట్టింది. కవరు చూసి పిల్ల వెనక్కి జరిగింది.

"ఆంటీ, ఇదేటండీ, ఒద్దండి."

"తీసుకోవే, తాంబూలం కాదనకూడదు," అన్నది ఎవరనుకున్నావు? నేనే.

పిల్ల రెండు చేతులా పుచ్చుకుంది. పెద్దవాళ్ళ దీవెన అనుకుంది, పాపం. డబ్బాల సంగతి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. డబ్బా మీద చూసుకుని ఆశ్చర్యపోతుందని నా సరదా. కవరు విప్పకుండా తన గదిలో వెంకటేశ్వరస్వామి పటం దగ్గర పెట్టుకుంది.

పది రోజులకి డబ్బాలు కొట్లోకి వచ్చాయి. మూత మీద పిల్ల బొమ్మ అంటించి, ఎంత అందంగా ఉన్నాయో. ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. ముందుగా మీ అమ్మ చూసింది, డ్యూటీ నుంచి వచ్చి, మెడలో బ్యాడ్జీ తియ్యకుండానే.

"ఇదేంటమ్మా? ఇది మన పైగది అమ్మాయి కదూ? దీనికి డబ్బులేమైనా ఇచ్చారా?"

"ఇచ్చారే, తాంబూలంలో పెట్టి ఇచ్చారు," అన్నాను గర్వంగా.

మీ అమ్మ కుర్చీలో కూలబడింది. "అమ్మా, తను స్టూడెంట్ వీసా మీద వచ్చింది. ఆట పేరు చెప్పి డబ్బు తీసుకోకూడదు. అడ్వర్టైజ్‌మెంట్లు అసలు చెయ్యకూడదు. వీసాకే ప్రమాదం. చదువు మధ్యలో పంపించేస్తే?"

అప్పుడే ఆ పిల్ల మెట్లు దిగుతోంది. మొత్తం విన్నది. డబ్బా చేతిలోకి తీసుకుంది. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు తన బొమ్మనే చూసింది.

"బాగా తీసారండి మామ్మగారూ," అంది. "మోచేతులు తిన్నగా ఉన్నాయి."

ఆ ఒక్క మాటకి నేను తల ఎత్తలేకపోయాను. "నేనే సరేనన్నాను తల్లీ. నిన్ను అడగలేదు," అన్నాను.

"ఆ రూలు సదివే సంతకం పెట్టీసి ఒచ్చానండి. ఇది దాంట్లోకి ఒస్తాదని నాకు తట్టనేదు. రేపు నానే ఎల్లి సెప్పేత్తాను."

కంగారులో ఆ పిల్ల మాట వాళ్ళ ఊరికి వెళ్ళిపోయేది. అప్పుడు గుర్తుపట్టాను ఎంత భయపడిందో.

నువ్వు అప్పుడేమన్నావో గుర్తుందా? "దట్స్ నాట్ ఫెయిర్, ఆ ఇంకో గర్ల్ చేస్తే ఓకే, తను చేస్తే నాట్ ఓకేనా?" అని మీ అమ్మతో పోట్లాడావు. నీ మాట నాకూ నచ్చింది. అదే కడ్డీ, అవే చక్రాలు, అవే మూడు దీపాలు. దీపాలకి పాస్‌పోర్టు కనపడదు కదా.

మర్నాడు ఆ పిల్ల డబ్బా సంచిలో వేసుకుని, పై దేశాల పిల్లల వ్యవహారాలు చూసే ఆఫీసుకి తనే వెళ్ళింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. మీ అమ్మ వెంట వస్తానంటే వద్దంది. అక్కడావిడ అంతా విని, డబ్బు తిరిగిచ్చెయ్యమంది, బొమ్మలు తీయించమంది, జరిగింది కాగితం మీద రాసిమ్మంది. పైవాళ్ళని కనుక్కుని చెప్తానంది. జవాబు వచ్చే దాకా పోటీలకి దిగొద్దంది. తరవాతి పోటీ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది.

సరే, డబ్బు తిరిగివ్వాలి. ఎలా ఇస్తావు? తాంబూలంలో వచ్చినదాన్ని తిప్పి పంపితే ఆమెని కొట్టినట్టే. ఆలోచించాను. వచ్చిన దారినే పంపాలి అనుకున్నాను. కొట్టాయన్నీ భార్యనీ ఇంటికి పిలిచాను. పిల్లకి పక్కన నిలబడి చెప్పాను, ముందు బొట్టు, తరవాత పళ్ళు, గుడ్డ, మీద కవరు అని. అదే కవరు, అంటించింది అంటించినట్టే ఉంది.

కొట్టాయన భార్య కవరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నేనిచ్చిందే కదమ్మా."

"తాంబూలం కాదనకూడదంట కదండీ ఆంటీ," అంది పిల్ల, ఓరగా నా వైపు చూస్తూ.

ఆమె పుచ్చుకుంది. పుచ్చుకుని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. కొట్టాయన మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"కవరు సరేనండీ. డబ్బాలు అచ్చయిపోయినయ్యి కదా పిన్నిగారూ. డబ్బా మీద ఓ బొమ్మ ఉంటే ఈ దేశానికి ఏం నష్టం?"

"అంకుల్, మీకు నష్టమే, నాకు తెలుసండి," అంది పిల్ల. "మీరు నా బొమ్మ ఏసారని మా నాన్నకి చెప్తే ఊరంతా తిప్పి చూపిస్తాడండి. అంత ఇష్టం నాకు కూడా. కానీ నాకిక్కడ చదువుకోవాలుంది. బరువెత్తాలుంది. డబ్బాలు తెచ్చీయండి, నేనే తీసీస్తాను."

ఆయన సాయంత్రానికి వ్యాను నిండా తెచ్చి మన హాల్లో దింపాడు. నువ్వు మీ అమ్మ హెయిర్ డ్రయర్ పట్టుకున్నావు. వేడి తగిలితే జిగురు వదిలేది. నేను గోటితో అంచు లేపేదాన్ని, పిల్ల లాగేది, కొట్టాయన భార్య తడిగుడ్డతో తుడిచేది. ఒక్కో డబ్బా మీదా ఆ పిల్ల మొహం నా గోరు కింద నలిగేది. ముందు ఒకటి రెండింటికి నా చెయ్యి రాలేదు.

"గీకీయండి మామ్మగారూ, నాకేటి నొప్పెట్టదు," అని నవ్వింది ఆ పిల్ల. మూతలూడిన డబ్బాల్లోంచి సున్నుండలు తింటూ తన మొహం తనే పీకేసుకుంది. అంత బరువెత్తినప్పుడు కూడా నేను అంత విస్తుపోలేదు. తనకి హక్కనిపించినదాన్ని, తనకి అవసరమైనదాన్ని, ఏడవకుండా, ఎవరినీ తిట్టకుండా కింద పెట్టెయ్యడం. ఎత్తడం నేర్పే కోచ్‌లు ఉన్నారు. ఇది ఎవరు నేర్పారో.

తరవాత ఎనిమిది రోజులు ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. ఆ పిల్ల రోజూ ప్రాక్టీసుకి వెళ్ళేది, పోటీ ఉందో లేదో తెలీకుండానే. పోటీకి ముందు రోజు మధ్యాహ్నం పప్పులో పోపు వేస్తోంటే పైనుంచి గబగబా దిగి వచ్చింది. ఫోను నాకు చూపించింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డాయి గానీ చదవలేకపోయాను.

"డబ్బు వాడుకోలేదు, బొమ్మలు తీసీసారు, తనంతట తనే వచ్చి చెప్పింది, ఇక్కడితో అయిపోయింది అని రాసారండి. రేపు ఎత్తొచ్చంటండి."

పోపు మాడిపోయింది. ఆ రోజు ఆ మాడు పప్పే తిన్నాం.

మర్నాడు అతికించిన బూట్లతోనే ఎత్తింది. ఆ తెల్లమ్మాయి కొత్త బూట్లతో ఎత్తింది. ఇద్దరికీ అవే దీపాలు వెలిగాయి. మన పిల్ల కాస్త ఎక్కువే ఎత్తింది. దిగి వచ్చాక ఆ తెల్లమ్మాయి వంగి మన పిల్ల బూటుకి ఊడబోతున్న మడమ చుట్టూ టేపు చుట్టింది. నేను ఫోటో తీశాను. ఎవరికీ పంపలేదు. తీసే ముందు ఇద్దర్నీ అడిగాను కూడా.

ఇప్పుడు నీ డిబేట్‌కి రాసుకో. తీసుకోవచ్చు. ఆ చేతులు ఆ పిల్లవి, ఆ మోకాళ్ళ వణుకు ఆ పిల్లది. సున్నుండలు అమ్ముడుపోతే అందులో ఆ వణుక్కీ వాటా ఉండాలి. కానీ సరేననే మాట ఆ పిల్ల నోట్లోంచి రావాలి. కొట్టాయన నోట్లోంచి కాదు, యూనివర్సిటీ నోట్లోంచి కాదు, నా బోటి ముసలిదాని నోట్లోంచి అసలు కాదు. ఇక్కడ పుట్టినమ్మాయి సరేనంటే చెల్లుతుంది, విజయనగరంలో పుట్టినమ్మాయి సరేనన్నా చెల్లదు. అదెందుకో మీ డిబేట్‌లో ఎవరైనా చెబితే నాకూ వచ్చి చెప్పు.

ఇంకోటి. ఆ వేళ ఒక్క మూత మీది బొమ్మ నేను పీకలేదు. నా బీరువాలో చీరల కింద దాచాను. పిల్లకి చెప్పాను, దొంగతనం ఒప్పుకున్నట్టు. కోప్పడుతుందనుకున్నాను. "ఉంచండి మామ్మగారూ. నా మొహానికి నేనే ధర చెప్పుకునే రోజు ఒస్తే ఒచ్చి పట్టుకెళ్తాను," అంది. నేనేమన్నానో తెలుసా? ఆ రోజు కొట్టాయన కన్నా ముందు నేనే నీ దగ్గరికి వచ్చి, రెండు చేతులా తాంబూలం పట్టుకుని, అమ్మాయ్, నీ బొమ్మ నేను—

"అమ్మా, అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ కిందికి రండి. పైగది అమ్మాయి కూడా వచ్చేసింది, మీ కోసమే కూర్చుంది."